పెద్ద కుక్క కీళ్ళకి ఏ డబ్బా కొనాలి?

ఈసారి చెన్నై పాఠకుల ఉత్తరాల్లో లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, రాట్‌వైలర్ల కాళ్ళనొప్పుల గురించే ఎక్కువ వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసి జవాబులు ఇస్తున్నాం. ఇందులో మేం వేసిన ధరలు లెక్క అర్థమవడానికి మాత్రమే. మీ చేతిలో ఉన్న డబ్బా మీది ఎంఆర్‌పీతో లెక్క మళ్ళీ వేసుకోండి.

ప్రశ్న: మా లాబ్రడార్‌కి ఎనిమిదేళ్ళు, బరువు 36 కిలోలు. పొద్దున్నే లేచేటప్పుడు వెనక కాళ్ళు బిగుసుకుపోయి తూలుతుంది. పది అడుగులు వేశాక సర్దుకుంటుంది. ఎక్స్‌రే తీయించాం, తుంటి కీళ్ళు అరిగాయన్నారు. పెట్ షాపులో 900 రూపాయలు పెట్టి కీళ్ళ బిళ్ళలు కొంటే పదిహేను రోజులకే డబ్బా ఖాళీ అయింది. నెలకి 1,800 మా వల్ల కాదు. తక్కువలో మంచిది ఏదైనా ఉందా?
– వేళచ్చేరి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: డబ్బా ధర చూసి ఏది చవకో చెప్పలేమండీ. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవాలి. కీళ్ళ బిళ్ళల్లో ముఖ్యమైన సరుకు గ్లూకోజమైన్, అది ఒక బిళ్ళలో ఎన్ని మిల్లీగ్రాములుంది? మీ కుక్క బరువుకి రోజుకి ఎన్ని బిళ్ళలు వేయమన్నారు? ఈ రెండూ తెలిస్తే రోజు ఖర్చు తేలిపోతుంది. మీ డబ్బాలో 60 బిళ్ళలు, ఒక్కోదాంట్లో 250 మి.గ్రా. ఉన్నాయనుకుందాం. పదిహేను రోజులకి అయిపోయిందంటే రోజుకి నాలుగు వేశారు. అంటే 1,000 మి.గ్రా.కి 60 రూపాయలు పడింది. మనుషుల మందులషాపులో 750 మి.గ్రా. గ్లూకోజమైన్ మాత్రలు పది 120 రూపాయలకి దొరికితే, అదే 1,000 మి.గ్రా. 16 రూపాయలకి వచ్చినట్టు. సరుకులో తేడా ఏమీ లేదు, రెండూ ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసినవే. కిలో బరువుకి సుమారు 20 మి.గ్రా. చొప్పున ఇవ్వడం వాడుక కాబట్టి మీ కుక్కకి రోజుకి ఒక మాత్ర, అన్నంతో పాటు, సరిపోతుంది.

అయితే ఆ మాత్ర కొనేటప్పుడు మూడు విషయాలు చూడాలి. మొదటిది, అందులో గ్లూకోజమైన్ ఒక్కటే ఉండాలి. కీళ్ళ బిళ్ళల్లో మామూలుగా వేసే కాండ్రాయిటిన్, ఎంఎస్ఎం కలిసినా పరవాలేదు. మనుషుల కీళ్ళ మాత్రల్లో డయాసెరిన్ కలిపినవి చాలా ఉన్నాయి, వాటితో విరేచనాలు పట్టుకుంటాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ లాంటి నొప్పి మందులు కలిసినవి అసలే వద్దు. రెండోది, చప్పరించే మాత్రలు, జెల్లీ బిళ్ళల జోలికి పోకండి. కొన్నిటిలో తీపి కోసం జైలిటాల్ వేస్తారు. లేబుల్ మీద 967 అన్న అంకె కనిపించినా అదే. కుక్కలో అది చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మూడోది, ‘గ్లూకోజమైన్ సల్ఫేట్ పొటాషియం క్లోరైడ్’ అని ఉంటే ఆ బరువులో అసలు గ్లూకోజమైన్ అరవై శాతం లోపే, మిగతాది ఉప్పు. ‘హైడ్రోక్లోరైడ్’ అని ఉన్నదాంట్లో ఎనభై శాతం పైనే ఉంటుంది. ధరలు పోల్చేటప్పుడు ఈ తేడా మరిచిపోవద్దు. మీ కుక్కకి షుగర్ ఉంటే మాత్రం గ్లూకోజమైన్ మొదలుపెట్టే ముందు డాక్టర్ని అడగండి.

పెట్ షాపు డబ్బాల్లో ఇంకో సంగతి. కాండ్రాయిటిన్ ఖరీదైన సరుకు. పెద్ద కుక్కకి 500 మి.గ్రా. దాకా కావాల్సినచోట బిళ్ళకి 30, 40 మి.గ్రా. వేసి పేరు మాత్రం ముందువైపు పెద్దగా అచ్చు వేస్తారు. పసుపు, శల్లకి, విటమిన్ సి అంటూ పది పేర్లు వరసగా ఉన్న డబ్బాలో ఒక్కోటీ చిటికెడే ఉంటుంది. దేనికి ఎంతో విడిగా చెప్పకుండా ‘కీళ్ళ మిశ్రమం 500 మి.గ్రా.’ అని ఒకే అంకె వేస్తే కొనకండి. కొన్నిటి మీద లెక్క ‘100 గ్రాములలో’ అని ఉంటుంది. బిళ్ళ 4 గ్రాములైతే ఆ అంకెని 25తో భాగించాలి.

ఇంతా చెప్పి ఒక మాట దాచలేం. గ్లూకోజమైన్ పనిచేస్తుందనడానికి ఆధారం పలచన. 2007లో వచ్చిన ఒక ప్రయోగంలో గ్లూకోజమైన్, కాండ్రాయిటిన్ కలిపి ఇచ్చిన కుక్కల్లో 70వ రోజుకి కొంత మెరుగు కనిపించింది. 2022లో మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కుక్కల, పిల్లుల కీళ్ళ అరుగుదలపై వచ్చిన ప్రయోగాలను ఒకచోట చేర్చి చూస్తే, నొప్పి తగ్గించడంలో చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వుకి గట్టి ఆధారం కనిపించింది, గ్లూకోజమైన్–కాండ్రాయిటిన్‌కి కనిపించలేదు. కాబట్టి నెలకి మీరు పెట్టగలిగింది కొద్దిగానే అయితే మొత్తం చేపనూనెకి పెట్టండి. గ్లూకోజమైన్ ఆ తరవాత మిగిలితేనే. వీటన్నిటికంటే ముందు ఆ 36 కిలోల బరువు సంగతి చూడాలి, దాని గురించి కింద విడిగా రాశాం.

ప్రశ్న: చేపనూనె ఎంత వేయాలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. సాల్మన్ ఆయిల్ సీసా 1,200 రూపాయలు. మాకు కాసిమేడు చేపల రేవు దగ్గరే, మత్తి చేప పెట్టినా అంతేనా? అవిసె గింజలు పెట్టమని కొందరంటున్నారు.
– రాయపురం పాఠకుడు, 30 కిలోల జర్మన్ షెపర్డ్

జవాబు: నూనె ఎంత అని కాదు, అందులో ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అనే ఒమేగా-3 కొవ్వులు రెండూ కలిపి ఎంత అని అడగాలి. కీళ్ళనొప్పికి కిలో బరువుకి రోజుకి 75 నుంచి 100 మి.గ్రా. కావాలి. మీ కుక్కకి 2,250 నుంచి 3,000 మి.గ్రా. అన్నమాట. మామూలు ‘1,000 మి.గ్రా. ఫిష్ ఆయిల్’ గోలీలో ఇ.పి.ఎ. 180, డి.హెచ్.ఎ. 120, మొత్తం 300 మాత్రమే ఉంటుంది. అలాంటివి రోజుకి ఎనిమిది నుంచి పది పట్టాలి. రోజుకొకటి వేసి ఆరు నెలలు చూసి ‘ఏం తేడా లేదు’ అనేవాళ్ళంతా ఇక్కడే పొరబడుతున్నారు. కుక్కకి పడాల్సింది పడలేదు. గాఢత ఎక్కువున్న గోలీలో 900 దాకా ఉంటుంది, మూడు చాలు. మామూలు గోలీ 6 రూపాయలు, గాఢమైనది 15 అనుకుంటే రోజుకి 60కి బదులు 45 అవుతుంది. పైకి ఖరీదుగా కనిపించేదే చవక పడింది, పైగా కొవ్వు కూడా మూడోవంతే లోపలికి పోతుంది.

మత్తి మంచి ఆలోచన. తెలుగులో కవళ్ళు అంటామే, అదే. వంద గ్రాముల మాంసంలో ఈ రెండు కొవ్వులు సుమారు ఒక గ్రాము నుంచి ఒకటిన్నర దాకా ఉంటాయి. కాలాన్ని బట్టి బాగా మారుతుంది, కొవ్వు పట్టిన రోజుల్లో ఎక్కువ. కాబట్టి వారానికి మూడు నాలుగు రోజులు 150 గ్రాములు పెట్టి ఆ రోజుల్లో గాఢమైన గోలీ ఒకటికి తగ్గించండి, మిగతా రోజుల్లో పూర్తిగా వేయండి. పచ్చిగా పెట్టవద్దు, ఈ చేపలో విటమిన్ బి1ని విరిచేసే గుణం ఉంది, ఉడికిస్తే పోతుంది. తల, పేగులు తీసి, ఉప్పు, కారం, ఉల్లి ఏమీ లేకుండా అరగ్లాసు నీళ్ళతో కుక్కర్లో పెట్టి, మొదటి విజిల్ వచ్చాక సన్నని సెగ మీద 25 నిమిషాలు ఉంచండి. నడిమి ముల్లు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపితే సుద్దముక్కలా పొడి కావాలి. గుచ్చుకుంటే ఇంకో పది నిమిషాలు. అడుగున మిగిలిన నీళ్ళ మీద తేలేది ఆ నూనే, పారబోయకుండా అన్నంలో కలపండి. కరువాడు, అంటే ఎండుచేప, మాత్రం వద్దు, అంతా ఉప్పే.

అవిసెల్లో ఉండేది వేరే రకం ఒమేగా-3. కుక్క శరీరం దాన్ని మనకి కావాల్సిన రూపంలోకి మార్చుకోగలిగేది చాలా తక్కువ. కాడ్ లివర్ ఆయిల్ కూడా ఈ పనికి రాదు. ఇంత మోతాదులో పోస్తే విటమిన్ ఎ, డి పేరుకుపోయి కొత్త జబ్బు తెచ్చిపెడతాయి.

మొదటి వారం నాలుగో వంతుతో మొదలుపెట్టి నాలుగు వారాల్లో పూర్తి మోతాదుకి రండి. ఒక్కసారిగా వేస్తే విరేచనాలవుతాయి. ఇంతకుముందు క్లోమగ్రంథి వాచిన కుక్కకి డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు. ఆపరేషన్ ఏదైనా ఉంటే చేపనూనె వాడుతున్నామని ముందే చెప్పండి, రక్తం గడ్డకట్టడం కాస్త ఆలస్యమవుతుంది. ఇక చెన్నై ఎండ సంగతి. మే నెలలో కొరియర్ సంచిలో రెండు రోజులు ఉడికిన సీసా వాసన చూడకుండా వాడవద్దు. గోలీ అయితే సూదితో గుచ్చి చుక్క వేలి మీద వేసుకోండి. చేప వాసన రావడం మామూలే. పెయింటు వాసన, ముక్కు మండే ఘాటు వస్తే నూనె చెడిందని అర్థం. తెరిచిన సీసా ఫ్రిజ్‌లోనే ఉంచాలి, నెలన్నరలో అయిపోయే సైజే కొనాలి.

ప్రశ్న: మా కుక్క లావుగా ఉందని డాక్టరు అన్నారు. మాకు అలా అనిపించడం లేదు. తిండి తగ్గించాలంటే ప్రాణం ఒప్పడం లేదు.
– అన్నానగర్, టి.నగర్ పాఠకులు

జవాబు: మీ చెయ్యే తూకం. అరచెయ్యి కింద పెట్టి చాచి, ఆ చేతి వెనకభాగం మీద రెండో చేతి వేళ్ళు పోనివ్వండి. కొద్దిపాటి చర్మం కింద ఎముకలు తెలుస్తాయి. కుక్క పక్కటెముకలు అలా తగలాలి. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా తగిలితే బక్కది. అరచేతి మెత్తదనంలా ఉండి ఎముక కోసం నొక్కాల్సి వస్తే లావైంది. పైనుంచి చూస్తే నడుము సన్నబడాలి, పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోతూ పైకి లేవాలి.

మీకు ప్రాణం ఒప్పడం లేదన్నది మాకు అర్థమవుతుంది, గిన్నె ముందు కూర్చుని చూసే ఆ కళ్ళని కాదనడం కష్టమే. కానీ 48 లాబ్రడార్ పిల్లలని జతలుగా విడదీసి, జతలో ఒకదానికి జీవితాంతం 25 శాతం తక్కువ తిండి పెట్టిన ప్రయోగం ఒకటుంది, 2002లో అచ్చయింది. తక్కువ తిన్నవి సగటున 13 ఏళ్ళు, కడుపునిండా తిన్నవి 11.2 ఏళ్ళు బతికాయి. కీళ్ళ అరుగుదల కూడా తక్కువ తిన్నవాటిలో ఏళ్ళ తరబడి ఆలస్యంగా వచ్చింది. అప్పటికే లావై కుంటుతున్న కుక్కల్లో ఒంటి బరువులో ఆరు శాతం తగ్గేసరికే కుంటు తగ్గినట్టు 2010లో గ్లాస్గో పశువైద్యులు కొలిచి చూపారు. 36 కిలోల కుక్కకి అది రెండు కిలోల పైచిలుకు. ఇంత పని చేసే డబ్బా ఏ షాపులోనూ లేదు.

30 కిలోలకి దిగాలంటే రోజుకి సుమారు 900 కేలరీలు. వండి పెట్టేవాళ్ళకి ఒక లెక్క: అన్నం 200 గ్రాములు, తోలు తీసి ఉడికించిన కోడి రొమ్ము మాంసం 250 గ్రాములు, ఒక గుడ్డు, సొరకాయో బీన్సో గుమ్మడో 200 గ్రాములు, పైన చెప్పిన చేపనూనె. ఇది మొత్తం రోజుకి, రెండు పూటలా పంచాలి. ఎముకల్లేని ఈ తిండిలో కాల్షియం దాదాపు ఉండదు. గుడ్డు పెంకులు కడిగి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తగా పొడి చేసి అర టీస్పూను, అంటే 3 గ్రాములు కలపండి. జింకు, రాగి, విటమిన్ల కోసం ఒక పొడి కూడా అవసరమవుతుంది, అది డాక్టర్ని అడిగి తీసుకోండి. రెడీమేడ్ తిండి పెట్టేవాళ్ళు సంచి మీద కేలరీలు చూసుకోండి. 100 గ్రాములకి 350 ఉంటే రోజుకి 250 గ్రాములు చాలు. కప్పుతో కాదు, వంటింటి తూకంతో కొలవండి.

అసలు బరువు తగ్గకపోవడానికి కారణం గిన్నెలో కంటే గిన్నె బయటే ఎక్కువ ఉంటుంది. మారీ బిస్కెట్టు ఒకటి సుమారు 25 కేలరీలు. టీ తాగేటప్పుడు పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు పడితే 200, రోజు తిండిలో అయిదో వంతు కంటే ఎక్కువ. తాతగారు ఇచ్చే పెరుగన్నం ముద్ద, పిల్లలు విసిరే చపాతీ ముక్కా లెక్కలోకి రావాలి. పొద్దున్నే రోజు తిండంతా ఒక డబ్బాలో తూచి పెట్టి, ఎవరు ఏమిచ్చినా అందులోంచే ఇవ్వాలని ఇంట్లో అందరికీ చెప్పండి. వారానికి ఒంటి బరువులో ఒకటి రెండు శాతం తగ్గితే చాలు. అంతకంటే వేగం వద్దు.

ప్రశ్న: మూడు నెలల గ్రేట్ డేన్ పిల్ల. ఎముకలు గట్టిపడాలని కాల్షియం సిరప్, ముందుజాగ్రత్తగా కీళ్ళ పొడి ఇమ్మన్నారు. తినేది పెద్దజాతి పిల్లల రెడీమేడ్ తిండే.
– అంబత్తూరు

జవాబు: సిరప్ ఈ రోజే ఆపేయండి. ఆరు నెలల లోపు పిల్లలు తిన్న కాల్షియంలో ఎక్కువైనదాన్ని పేగుల్లోనే ఆపుకోలేవు, వచ్చినదంతా చాలావరకు ఒంట్లోకి పోతుంది. అది ఎక్కువైతే మృదులాస్థి ఎముకగా మారే క్రమం చెడుతుంది, కాళ్ళు వంకర పోతాయి, కీళ్ళలో మృదులాస్థి పొర చిట్లుతుంది. పెద్దజాతుల్లో, ముఖ్యంగా గ్రేట్ డేన్‌లో, ఇది ప్రయోగాల్లో తేలిన విషయం. మీరు పెట్టే తిండిలో కాల్షియం, ఫాస్ఫరస్ సరైన పాళ్ళలో ముందే కలిపి ఉంటాయి. దాని మీద సిరప్ పోస్తే ఆ పాళ్ళు చెడతాయి. కేవలం అన్నం, పెరుగు, మాంసం మీద పెరుగుతున్న పిల్లకి కాల్షియం లోటు నిజమే, కానీ అక్కడా మార్చాల్సింది తిండిని.

కీళ్ళ పొడి వల్ల తుంటి వదులు రాకుండా ఉండదు. ఆ డబ్బు దాచి, పిల్లని సన్నగా పెంచండి. ఏడాది, ఏడాదిన్నర దాకా ఎముకల చివర్లు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి మేడమెట్లు పదేపదే ఎక్కించడం, కారులోంచి దూకించడం, స్కూటరు వెనక పరిగెత్తించడం వద్దు.

ప్రశ్న: మా రాట్‌వైలర్ కుంటుతుంటే మందులషాపు ఆయన మనుషుల నొప్పి మాత్ర సగం వేయమన్నారు. రెండు రోజులు వేశాం, బాగా నడిచింది. కొనసాగించవచ్చా?
– పెరంబూరు

జవాబు: వెంటనే ఆపండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మొదటి రెండు రోజులు బాగా నడవడమే మోసం. విరేచనం తారులా నల్లగా వచ్చినా, వాంతి అయినా, తిండి ముట్టకపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళి, మాత్ర అట్ట కూడా చూపించండి. పశువులకి డైక్లోఫెనాక్ వాడకాన్ని మన ప్రభుత్వం 2006లో, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను 2023లో నిషేధించింది. అది రాబందులను కాపాడడానికి చేసిన నిషేధం. అయితే కుక్కకి ప్రమాదం అన్నది దానికదే వేరే విషయం.

కుక్కల కోసం కార్‌ప్రొఫెన్, మెలాక్సికామ్, ఫిరోకాక్సిబ్ ఉన్నాయి. బరువు తూచి, మూత్రపిండాలు, కాలేయం రక్తపరీక్ష చూసి డాక్టరు రాస్తారు. తిండితో ఇవ్వాలి. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ నడుస్తుంటే రెండూ కలపకూడదు. ఖర్చుకి వెనకాడేవాళ్ళకి వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ బోధనాసుపత్రి ఉంది.

ప్రశ్న: రెండున్నరేళ్ళ కుక్క. ఒకరోజు ముందుకాలు, రెండు రోజుల తరవాత వెనకకాలు కుంటుతోంది. తిండి తగ్గింది. ఏ సప్లిమెంట్ మంచిది?
– ఆవడి

జవాబు: ఏదీ కాదు. ముందు చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య పిడుదులున్నాయేమో చూడండి, జ్వరం చూపించండి, టిక్ ఫీవర్ రక్తపరీక్ష చేయించండి. మన ఊళ్ళో ఇది మామూలు. కీళ్ళు వాచి కుంటు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంది. సకాలంలో మందు పడితే చాలావరకు తగ్గిపోతుంది. నెల రోజులు కీళ్ళ పొడి వేసి చూద్దాంలే అనుకుంటే రక్తకణాలు పడిపోతాయి. అలాగే పెద్ద కుక్క ఉన్నట్టుండి వెనకకాలు ఎత్తి పట్టుకుంటే మోకాలి లిగమెంట్ తెగి ఉండవచ్చు. వయసు మళ్ళిన పెద్దజాతి కుక్కకి ఒకే చోట గట్టి వాపు, తగ్గని నొప్పి ఉంటే ఎముక క్యాన్సర్ అనుమానించాలి. ఎక్స్‌రే లేకుండా డబ్బా కొనవద్దు అని మేం చెప్పేది ఇందుకే.

ప్రశ్న: కొల్లాజెన్ పొడి, పాయా సూపు, పసుపు. వీటిలో ఏది పనిచేస్తుంది?
– కొరుకుపేట

జవాబు: కొల్లాజెన్‌లో రెండు రకాలున్నాయి. చెంచాలతో కలుపుకునే పొడి ఒకటి, అది మామూలు ప్రొటీన్‌లానే అరిగిపోతుంది. ‘అన్‌డీనేచర్డ్ టైప్ 2’ అని రాసి ఉండేది రెండోది. ప్రయోగాల్లో కుక్కలకి రోజుకి 40 మి.గ్రా. ఇచ్చారు, కొంత మేలు కనిపించింది. అవి చిన్న ప్రయోగాలే. ఇది బరువుతో పాటు పెరిగే మోతాదు కాదు కాబట్టి 45 కిలోల కుక్క ఉన్నవాళ్ళకి లెక్క కలిసొస్తుంది. ఖాళీ కడుపున, రాత్రి పడుకునే ముందు ఇవ్వాలి. వేడి అన్నంలో కలిపితే దాని స్వరూపమే చెడిపోతుంది, ఇచ్చినా ఇవ్వనట్టే.

పాయా సూపులో ఉండేది జిలాటిన్, కొవ్వు. కాల్షియం నీళ్ళలోకి పెద్దగా దిగదు. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు లేకుండా కాచి, చల్లార్చి, పైన గడ్డకట్టిన కొవ్వు తీసేసి అరగ్లాసు పోస్తే రుచికి బాగుంటుంది, మాత్ర మింగించడానికి పనికొస్తుంది. ఉడికిన ఎముక మాత్రం ఇవ్వకండి. వంటపసుపులో కర్‌క్యుమిన్ మూడు శాతం చుట్టుపక్కల ఉంటుంది, అందులోనూ ఒంటికి పట్టేది కొంచెమే. చిటికెడు వేస్తే నష్టం లేదు, నొప్పి తగ్గుతుందని మందు మానేస్తేనే నష్టం.

ప్రశ్న: పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?
– చాలామంది

జవాబు: రోజూ చూసే కళ్ళకి తేడా తెలియదు. ప్రతి ఆదివారం ఒకే టైముకి, ఒకే చోట ఫోనులో 20 సెకన్లు తీయండి, లేచే క్షణం నుంచి పది అడుగుల దాకా. ముందుకాలు నొప్పి ఉంటే ఆ కాలు నేలకి ఆనినప్పుడు తల పైకి లేస్తుంది. తుంటి నొప్పి ఉంటే పరిగెత్తేటప్పుడు రెండు వెనకకాళ్ళూ కుందేలులా జంటగా వేస్తుంది. ఒకసారికి ఒక్కటే మొదలుపెట్టండి. చేపనూనెకి ఎనిమిది వారాలు, గ్లూకోజమైన్‌కి పది వారాలు ఇవ్వండి. తేడా లేకపోతే ఆపండి. ఉందనిపించినా ఒకసారి నాలుగు వారాలు ఆపి మళ్ళీ వీడియో పోల్చండి. ఆపినా అలాగే నడుస్తుంటే ఆ డబ్బు మిగిలినట్టే.

ప్రశ్న: ఫ్లాట్‌లో నేలంతా నున్నటి టైల్స్, లేచేటప్పుడు జారిపోతుంది.
– పోరూరు

జవాబు: పడుకునే చోటి నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కణ్ణించి తలుపు దాకా అడుగున రబ్బరున్న పట్టాలు వరసగా పరవండి. పాత యోగా మ్యాట్లు కోసి వేసినా చాలు, అంచులు లేవకుండా టేపు అంటించండి. అరికాలి మెత్తల మధ్య వెంట్రుకలు మెత్తలతో సమానంగా కత్తిరించండి. నడిచేటప్పుడు గోళ్ళు టకటకమంటుంటే పొడుగైనట్టు. రెండు వారాలకోసారి కొసలు మాత్రం తీయండి, నల్లగోరైతే అడ్డంగా సన్నసన్నగా, మధ్యలో నల్లచుక్క కనిపించేదాకానే.